విశ్వనాథవారి జీవితమున ‘ఏకవీర’: శ్రవ్యము, దృశ్యము

కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణగారు 1895 సెప్టెంబరు 10వ తేదీన కృష్ణా మండలములోని నందమూరున శోభనాద్రి, పార్వతమ్మ దంపతులకు జన్మించిరి. బందరులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యులై పద్యవిద్య సాధించిరి. బందరు, గుంటూరు, విజయవాడ కళాశాలలలో బోధించి, 1959 నుండి 1961 వరకు కరీంనగరు కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి.

వారి నవలలలో ‘వేయిపడగలు’ తరువాత మిక్కిలి ఆదరణ పొందినది ‘ఏకవీర’. ఇది తొలుత ‘భారతి’ పత్రికలో ధారావాహికముగా వెలువడినది. కథాస్థలము నాయకరాజుల నాటి మధుర. ఆ రాజులకు అధీశ్వరులు చంద్రగిరి నేలిన ఆరవీటి చక్రవర్తులే గావున చిత్తూరు మండలమువారికి ఆ చరిత్ర పరాయిది కాదు. కుట్టాన్ సేతుపతి, వీరభూపతి ప్రాణమిత్రులు. ఒకరు వలచిన కన్య మరియొకరికి భార్య యగుట ఇందలి ఇతివృత్తము.

1969లో సి.ఎస్. రావు దర్శకత్వమున ఈ నవల చలనచిత్రమైనది. విజయవాడ కళాశాలలో విశ్వనాథవారి శిష్యుడైన నందమూరి తారక రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమున ప్రధానపాత్రలు ధరించిరి. సంభాషణలు సి. నారాయణరెడ్డిగారివి, సంగీతము కె.వి. మహదేవన్‌గారిది. ఇందరు సమర్థులు కూడినను చిత్రము ఆర్థికముగా విఫలమైనది. పాటలు మాత్రము నిలిచినవి.

కారణము నటులయందు కాక కథాస్వభావమునందే వెదకదగును. ఇందు ప్రతినాయకుడు లేడు. నలుగురును సజ్జనులే. వారిని బాధించునది వివాహధర్మమునకును పూర్వానురాగమునకును నడుమ పుట్టిన మౌనసంఘర్షణము. రసము స్వశబ్దవాచ్యము కారాదని ఆనందవర్ధనుని సిద్ధాంతము. నవలలో ఆ వేదన పాత్రల అంతరంగముననే నిలిచి వ్యంగ్యమగుచున్నది. తెరపై నది సంభాషణముగానో గానముగానో బయటపడక తప్పదు. గానమునకు ధ్వనిశక్తి కలదు గనుక పాటలు బ్రతికినవి. కథను చెప్పవలసిన మాటకు ఆ సౌలభ్యము లేకపోయినది.

ఈ వైఫల్యము గ్రంథకర్త కీర్తిని తాకలేదు. పద్మభూషణ బిరుదము లభించినది. ‘శ్రీమద్రామాయణ కల్పవృక్షము’నకు 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వచ్చినది. తెలుగు రచనకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వారిని గౌరవ డాక్టరేటుతో సత్కరించినది. 1976 అక్టోబరు 18న విశ్వనాథవారు గుంటూరున పరమపదించిరి.

చిత్రము ఓడినంత మాత్రమున నవల కొరత పడలేదు. శ్రవ్యమున సిద్ధించిన రసము దృశ్యమున సిద్ధింపవలెనన్న దానికి వేఱొక సామగ్రి కావలెనని మాత్రమే తేలినది. నవలలకును చలనచిత్రములకును గల సంబంధమును పరిశోధించువారికి ‘ఏకవీర’ మంచి లక్ష్యము.