బానిస రాసిన పిట్టకథలు

అందని ద్రాక్షపండ్లు పుల్లన అన్న నక్క కథ తెలియనివాళ్ళు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. ఆ కథ పక్కన ఈసప్ పేరు వేస్తారు. కానీ దాన్ని ఆరే పంక్తుల లాటిన్ పద్యంగా రాసినవాడు ఫీడ్రస్ అని ఎం.ఏ.లో చేరేదాకా నాకూ తెలియదు.

ఫీడ్రస్ క్రీ.శ. 1వ శతాబ్దపు కవి. గ్రీసుకు ఉత్తరాన పియేరియా కొండ మీద పుట్టానని తానే రాసుకున్నాడు. రోములో బానిస. అగస్టస్ చక్రవర్తి అతన్ని విడుదల చేశాడని అతని పుస్తకం చేతిరాత ప్రతి శీర్షిక వల్ల తెలుస్తోంది. మొత్తం ఐదు పుస్తకాలు రాశాడు.

అసలు జంతువుల కథలు ఎందుకు పుట్టాయో మూడో పుస్తకం మొదట్లో చెప్పాడు. బానిస తన మనసులో మాట నేరుగా అనలేడు, అంటే దెబ్బలు తినాలి. అందుకే నవ్వించే కథలో దాచి చెప్పాడట. ఇది చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన పాలేరు. ఆసామి మీద కోపం వస్తే అరకకు కట్టిన ఎద్దును తిట్టేవాడు. వినేవాళ్ళకు ఎవరినో అర్థమయ్యేది.

ఫీడ్రస్ రాసిన ముసలివాడు, గాడిద కథ చూడండి. శత్రువులు వస్తున్నారు, పారిపోదాం పదమంటాడు ముసలివాడు. గెలిచినవాడు నా వీపు మీద రెండు బరువులు వేస్తాడా అని అడుగుతుంది గాడిద. వెయ్యడంటాడు. అయితే యజమాని ఎవరైతే నాకేమిటని అది కదలదు.

ఇలాంటి కథలు పెద్దలకు తగలకుండా ఉంటాయా? టైబీరియస్ చక్రవర్తి దగ్గర చక్రం తిప్పిన సెజానస్ అతని మీద నేరం మోపాడు. ఆరోపించినవాడూ, సాక్షీ, న్యాయమూర్తీ ఆ ఒక్కడే అయ్యాడని ఫీడ్రస్ వాపోయాడు. క్రీ.శ. 31లో సెజానస్‌కే మరణశిక్ష పడింది. ఫీడ్రస్ మాత్రం రాయడం మానలేదు.

ఆ తర్వాత సెనెకా అనే గొప్ప రచయిత, ఈసప్ కథల జోలికి రోమన్లెవరూ పోలేదని రాశాడు. అప్పటికే ఫీడ్రస్ పుస్తకాలు ఉన్నాయని పండితుల అభిప్రాయం. చూడలేదో, చూసీ లెక్కలో వేసుకోలేదో!

మధ్యయుగాల్లో ఆ కథలు వచనంలోకి మారి, అతని పేరు లేకుండానే తిరిగాయి. చివరికి 1596లో ఫ్రాన్సులో పియేర్ పితూ అనే పండితుడు పాత చేతిరాత ప్రతి ఒకటి సంపాదించి అచ్చు వేయించాడు. ఆ ప్రతి ఇప్పుడు న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో ఉంది.