జూదానికి లెక్క చెప్పిన పాస్కల్

రూలెట్ అనే జూదచక్రాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ కనిపెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి తగిన ఆధారం లేదు. అయితే జూదం వెనుక ఉన్న లెక్కను లోకానికి నేర్పిన వారిలో ఆయన ప్రథములు.

పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్ పట్టణంలో జన్మించారు. మూడేళ్ల ప్రాయంలోనే తల్లిని కోల్పోయారు. పన్నుల అధికారి అయిన తండ్రి ఎతియెన్ స్వయంగా చదువు చెప్పారు. పదహారవ ఏటనే పాస్కల్ శాంకవాలపై వ్యాసం రచించారు. పన్నుల లెక్కలతో తండ్రి పడే శ్రమ చూసి, 1642లో కూడికలు, తీసివేతలు చేసే యంత్రం నిర్మించడానికి పూనుకున్నారు.

1654లో షెవాలియె ద మెరె అనే జూదప్రియుడు ఆయన ముందు ఒక చిక్కు ప్రశ్న ఉంచాడు. ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్ము ఎలా పంచాలి? పాస్కల్ దీనిపై మరొక గణితవేత్త ఫెర్మాతో ఉత్తరాలు నడిపారు. ఇద్దరూ చెరి 32 నాణేలు ఒడ్డారనుకుందాం. ముందుగా మూడు ఆటలు గెలిచినవాడికి మొత్తం 64 దక్కుతుంది. ఒకడు రెండు, మరొకడు ఒకటి గెలిచాక ఆట ఆగింది. తరువాతి ఆట ఓడినా ఇద్దరూ సమానమవుతారు కనుక మొదటివాడికి 32 ఖాయం. మిగిలిన 32లో ఇద్దరికీ సమాన అవకాశం కనుక సగం, అంటే 16, అతనికే చెందాలి. వెరసి 48. సంభావ్యతా గణితానికి ఈ ఉత్తరాలే పునాది.

1658లో ఆయన మరో సమస్యపై గణితవేత్తలకు పోటీ పెట్టారు. దొర్లే బండిచక్రం అంచున ఒక గుర్తు పెడితే, అది గాలిలో గీసే వక్రరేఖకు సంబంధించినది ఆ సమస్య. ఆ రేఖకు ఫ్రెంచి పేరు రూలెట్, అనగా చిన్న చక్రం. జూదచక్రం కథకు ఈ పేరే కారణమై ఉండవచ్చు. చివరి సంవత్సరాలను దైవచింతనలో గడిపిన పాస్కల్ 1662 ఆగస్టు 19న, 39వ ఏట కన్నుమూశారు.

రూలెట్ ఆట పారిస్‌లో వ్యాపించినది 18వ శతాబ్దం చివరలో. 1843లో బ్లాంక్ సోదరులు జర్మనీలోని హోంబుర్గ్‌లో ఒకే సున్న గల చక్రాన్ని ప్రవేశపెట్టారు. అందులో సున్న నుంచి 36 వరకు 37 గళ్లుంటాయి. ఎరుపు లేక నలుపు, సరి లేక బేసి మీద గెలిస్తే రూపాయికి రూపాయి లాభం. పన్నెండు అంకెల వరుసకు రెండు రూపాయలు, ఒకే అంకెకు 35 రూపాయలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 37 గళ్లలోనూ రూపాయి చొప్పున పెడితే, గెలిచిన గడి నుంచి తిరిగి వచ్చేది అసలుతో కలిపి 36 మాత్రమే. ఒక రూపాయి ఆడించేవాడిది. ఎరుపుపై 37 మార్లు ఆడినా సగటున 18 గెలుపులు, 19 ఓటములు; నష్టం మళ్లీ ఆ రూపాయే. పన్నెండు అంకెల పందెమూ అంతే. పందెం ఏ రకంగా మార్చినా ఆ రూపాయి తప్పదు.

పందెం మీద ఆశ పెంచుకున్నవారు ఇంట్లో ఉంటే, చదువుకునే పిల్లల చేత ఈ లెక్కను వారి ఎదుటే కాగితంపై వేయించండి.