విప్పి నేర్చిన విద్య

శంషాబాదు విమానాశ్రయం 2008లో ప్రారంభమైన నాటినుండి మా వీధిమీదుగా రాత్రింబవళ్లు విమానాలు పోతూనే ఉన్నవి. వాటివంక ఎవరూ తలయెత్తి చూడరు. కాని మొన్న వేసవిలో మా పొరుగింటి యువకుడు తాతగారినాటి పాత కారును వాకిట నిలిపి, ముందు చక్రాలు ఊడదీసినప్పుడు వీధి యావత్తూ గుమిగూడింది. ముందరి ఇరుసును, కమాన్లను, కింగుపిన్నులను, అరిగిపోయిన బుష్షులను ఒక్కొక్కటిగా విప్పి, గోనెపట్టామీద వరుసగా పేర్చి, ప్రతి ముక్కకూ సుద్దతో అంకె వేశాడు. కమానుపట్టీల నడుమ తుప్పు గోకి, గ్రీజు పూసి, కొత్త బుష్షులు వేసి, ఆ అంకెలను చివరినుండి మొదటికి చదువుకొంటూ తిరిగి బిగించాడు. ఈ పని ఏ కళాశాలలో నేర్చుకొన్నావని అడిగితే నవ్వి ఊరుకొన్నాడు.

అది చూస్తున్నంతసేపూ నాకు కోయంబత్తూరు జి. డి. నాయుడుగారే జ్ఞప్తికి వచ్చారు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు చేరువనున్న కలంగల్ గ్రామంలో, ఒక రైతుకుటుంబంలో జన్మించారు. తమిళదేశంలో స్థిరపడిన తెలుగువారు వారు. బడిచదువు ఆయనకు సరిపడలేదు. ప్రాథమిక తరగతులతోనే ముగిసింది. ఉపాధ్యాయులమైన మనకు ఇది కొంత నొప్పి కలిగించే విషయమే.

ఇరవై ఏళ్ల ప్రాయంలో ఆయన ఒక ఆంగ్లేయ రెవిన్యూ అధికారి వద్ద 1912 నాటి రడ్జి మోటారు సైకిలును చూచారు. గుర్రం లేదు, ఎద్దు లేదు, బండి పరుగెత్తుతూంది! అది ఎట్లా సాధ్యమో తెలిసికొనవలెనన్న తపన ఆయనను ఊరిలో నిలువనీయలేదు. నడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా కుదిరారు. మూడేళ్లు కష్టపడి కూడబెట్టిన మూడువందల రూపాయలతో ఆ బండినే కొన్నారు.

కొన్నవాడు మరొకడైతే దానినెక్కి ఊరేగి ఉండేవాడు. నాయుడుగారు దానిని విప్పారు. ఇంజనును, వెనుక చక్రాన్ని త్రిప్పే బెల్టును, గతుకుల బాటలో కుదుపును తాను మ్రింగి నడిపేవాని చేతులను కాపాడే ముందు ఫోర్కును, అన్నిటినీ ముక్కలు చేసి మళ్లీ కూర్చారు. విప్పటం ఎవరికైనా సాధ్యమే. బిగించిన పిమ్మట ఒక్క మర కూడ చేతిలో మిగలకపోవటంలో ఉన్నది విద్య. ఆ విద్యతోనే ఆయన మెకానిక్కు అయినారు.

1920లో ఒక బస్సు సంపాదించి, పొల్లాచ్చి-పళని పట్టణాల నడుమ తామే నడిపారు. ఆ ఒక్క బస్సే కొన్నేళ్లలో యూనివర్సల్ మోటారు సర్వీసు అనే పెద్ద సంస్థగా పెరిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలసి, భారతదేశంలో తయారైన తొలి విద్యున్మోటారును వెలువరించారు. టార్చిలైటు ఘటాలవంటి పొడి బ్యాటరీలతో తిరిగే క్షౌరయంత్రం, కిరసనాయిలుతో నడిచే పంకా, ఓట్లు నమోదు చేసే యంత్రం, పండ్లరసం తీసే పరికరం - వారి బుద్ధి ఏ ఒక్క వస్తువువద్దా ఆగలేదు.

బడి విడిచిన ఈయన 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయాలు వెలయటానికి ముఖ్య కారకులై, కళాశాలకు ప్రిన్సిపాలు కూడ అయినారు! అదే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. అయితే ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్లు వృథా అనీ, రెండేళ్లు చాలుననీ ఆయన పట్టుబట్టారు. ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడుగారు పదవిని వదలుకొన్నారు. ఈ విషయంలో నేను పూర్తిగా వారి పక్షం కాను. నాయుడుగారివంటి శిష్యునికి రెండేళ్లు కూడ అక్కరలేదు. తరగతిలో తక్కిన నలభైమంది మాట ఏమిటి? కాని నాలుగేళ్లలో ఒక్క యంత్రాన్నయినా స్వహస్తాలతో విప్పకుండానే పట్టా పుచ్చుకొనే విద్యార్థులను చూచినప్పుడు, ఆయన కోపంలోని న్యాయం నాకు బోధపడుతుంది.

1952లో వారు ఇద్దరు కూర్చొనగల చిన్న పెట్రోలు కారును తయారుచేశారు. వెల రెండువేల రూపాయలే. సామాన్య ఉద్యోగి కలలో కూడ కారు మెదలని రోజులవి. కాని ఉత్పత్తికి ప్రభుత్వపు అనుమతి లభించలేదు, తయారీ ఆగిపోయింది. మూడువందల రూపాయల బండితో మొదలైన జీవితంలో ఇది తీరని కొరతగానే మిగిలిందని నాకు తోస్తుంది. విడిపోయిన ముక్కలను కూర్చటం ఎరిగిన మనిషికి లైసెన్సు కాగితం ఒక్కటి మాత్రం కుదరలేదు.

1974 జనవరి 4వ తేదీన నాయుడుగారు కన్నుమూశారు. వారి పేర ఉన్న ధర్మసంస్థ 2015లో కోయంబత్తూరులో జీడీ కార్ల మ్యూజియాన్ని ప్రారంభించింది. దేశదేశాల పాత కార్లు అందులో కొలువు తీరి ఉన్నవి.

ఈ సంగతి మా పొరుగింటి యువకునికి చెప్పాను. వచ్చే వేసవిలో తన కారులోనే అక్కడికి పోయి వస్తానని ఉత్సాహపడుతున్నాడు. ముందు షాద్‌నగరుదాకా పోయి వచ్చి కమాన్ల సంగతి తేల్చుకొమ్మని వాళ్ల అమ్మగారు అంటున్నారు.