కిల్మోర్ కాపరి బిషప్పు విలియం బెడెల్

తిరుగుబాటుదారుల చెరలో నుండి వచ్చి మరణించి, ఆ తిరుగుబాటుదారుల చేతనే గౌరవముతో సమాధికి సాగనంపబడిన కాపరులు సంఘ చరిత్రలో బహు అరుదు. ఐర్లండు దేశములో కిల్మోర్ డయాసిస్‌కు బిషప్పుగా పనిచేసిన విలియం బెడెల్ గారు అట్టివారు. శతవార్షికోత్సవ సమయములో మన కాపరులను జ్ఞాపకము చేసుకొనుచున్న మనము, ఈ దైవజనుని జీవితమును కూడ తలంచుకొనుట మేలు.

బెడెల్ గారు 1571లో ఇంగ్లండులోని ఎస్సెక్స్ ప్రాంతమున బ్లాక్ నాట్లీ అను గ్రామములో జన్మించారు. కేంబ్రిడ్జిలోని ఇమ్మానుయేలు కళాశాలలో విద్య నభ్యసించారు. 1607లో వెనిస్ నగరమునకు ఆంగ్ల రాయబారి వద్ద చాప్లెయిన్‌గా వెళ్లి, అక్కడ ఒక యూదు రబ్బీ వద్ద హెబ్రీ భాషను మరింత లోతుగా నేర్చుకున్నారు. తిరిగివచ్చి అనేక సంవత్సరములు గ్రామ పాదిరిగా నెమ్మదిగా సేవ చేశారు. 1627లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలకు అధిపతిగాను, 1629లో కిల్మోర్, ఆర్డా డయాసిస్‌లకు బిషప్పుగాను నియమింపబడ్డారు. ఒక కాపరికి రెండు మందలు తగవని తలంచి, 1633లో ఆర్డాను తమంతట తామే విడిచిపెట్టారు.

ఆనాటి ఐర్లండు పరిస్థితి మనము గ్రహించవలెను. 1607లో ఉత్తర ప్రాంతపు ఐరిష్ నాయకులు దేశము విడిచిపోగా, ఆంగ్ల ప్రభుత్వము అల్‌స్టర్‌లోని ఆరు జిల్లాల భూములను స్వాధీనపరచుకొని, ఇంగ్లండు, స్కాట్లండుల నుండి ప్రొటెస్టెంటు కుటుంబములను రప్పించి స్థిరపరచెను. కిల్మోర్ ఉన్న కేవన్ జిల్లా వాటిలో ఒకటి. భూమి పోగొట్టుకొనిన ఐరిష్ కాథలిక్కుల గుండెలలో కోపము నివురుగప్పిన నిప్పువలె ఉండెను. క్రొత్తగా వచ్చినవారిలో అనేకులు వారి భాషను అనాగరికమైనదిగా ఎంచిరి.

బెడెల్ గారు అట్లు ఎంచలేదు. యాబది యేండ్లు దాటిన వయస్సులో ఐరిష్ భాష నేర్చుకున్నారు. 1631లో ఆ భాషలో చిన్న ప్రశ్నోత్తర గ్రంథమును అచ్చువేయించారు. ఐరిష్ క్రొత్త నిబంధన అంతకు ముందే అచ్చయినది గాని, పాత నిబంధన లేదు. మర్టా కింగ్ అను వృద్ధ ఐరిష్ పండితుని సహాయముతో దానిని తర్జుమా చేయించి, హెబ్రీ మూలముతో సరిచూచుచు తామే దిద్దారు. సొంత సంఘములోనివారే దీనిని ఆటంకపరచిరి. కింగ్ గారిని పదవినుండి తొలగించిరి. అయినను బెడెల్ గారు పని మానలేదు.

1641 అక్టోబరు 23న తిరుగుబాటు రగుల్కొనెను. సెటిలర్ల ఇండ్లు, పశువులు, ధాన్యము దోపిడి అయినవి. అనేకుల ఒంటిమీది బట్టలు సహా ఒలిచి, ఆ చలిలో దారిపట్టించిరి. నవంబరులో పోర్టడౌన్ వద్ద స్త్రీలు పిల్లలతో కలిపి సుమారు 100 మందిని బాన్ నదిలోనికి నెట్టి చంపిరి. బెడెల్ గారి ఇల్లు, కొట్టములు శరణార్థులతో నిండిపోయెను. ఉన్న ఆహారమును వారికి పంచిపెట్టిరి. వారిని వెళ్లగొట్టవలసినదని తిరుగుబాటు నాయకులు ఆజ్ఞాపించినపుడు, తమకు అప్పగింపబడినవారిని విడువజాలమని నిరాకరించారు.

డిసెంబరు 18న ఆయనను, ఇద్దరు కుమారులను, అల్లుని లాక్ ఊటర్ సరస్సు నడుమనున్న పాడుపడిన కోటలో బంధించిరి. కిటికీలకు అద్దములు లేవు; చలిగాలి కొట్టుచుండెను. అయినను వారి ఆరాధనకు కావలివారు ఆటంకము కలిగించలేదు. జనవరిలో ఖైదీల మార్పిడిలో విడుదలై, ఐరిష్‌వాడైన డెనిస్ షెరిడన్ పాదిరిగారి ఇంట ఆశ్రయము పొందారు. ఆ ఇల్లు కూడ శరణార్థులతోను, వారితో వచ్చిన విషజ్వరముతోను నిండియుండెను. ఆ జ్వరమే సోకి 1642 ఫిబ్రవరి 7న ప్రభువునందు నిద్రించారు. కిల్మోర్‌లో భార్య లేయా ప్రక్కన సమాధి చేసినపుడు తిరుగుబాటు సైనికులు బారులుతీరి నడచి, తుపాకులు పేల్చి గౌరవించిరి. తన ఆత్మ ఈయన ఆత్మతో ఉండునుగాక అని ఒక కాథలిక్ ప్రీస్టు కోరెనని చెప్పుదురు.

తరువాత జరిగినది దుఃఖకరము. 1642 జనవరిలో ఐలండ్‌మగీ వద్ద ప్రొటెస్టెంటు పక్షమువారు కాథలిక్ కుటుంబములను చంపిరి. బాధితుల వాంగ్మూలములు వేలకొలది వ్రాయబడి నేటికిని ట్రినిటీ కళాశాలలో భద్రముగా ఉన్నవి. నేటి చరిత్రకారులు హతులను సుమారు 4,000 మంది అని, చలి, ఆకలి, రోగములచేత మరి కొన్ని వేలమంది చనిపోయిరని అంచనా వేయుదురు. కాని ఆనాటి కరపత్రములు, గ్రంథములు ఆ సంఖ్యను లక్షలకు పెంచినవి. ఆ పెంచిన లెక్కలే 1649లో క్రామ్‌వెల్ సేనలు ద్రోగెడాలో సాగించిన వధకును, ఆ పిమ్మట జరిగిన భూముల అపహరణకును సాకులైనవి. నిజమైన కన్నీటికి అబద్ధము జోడించినపుడు అది పగకు ఆయుధమగును.

బెడెల్ గారి వ్రాతప్రతి ఆ మంటలలో కాలిపోలేదు. రాబర్ట్ బాయిల్ అను శాస్త్రజ్ఞుని ద్రవ్యసహాయముతో ఐరిష్ పాత నిబంధన 1685లో లండనులో అచ్చయినది. అన్యాయముగా ఆక్రమింపబడిన భూమిమీద నిలిచిన సంఘమునకు ఆయన బిషప్పు. ఆ అన్యాయమును ఆయన తుడిచివేయలేకపోయిరి. కాని ఆ నేల ప్రజలను వారి భాషలోనే ప్రేమించిరి. అందుచేతనే ద్వేషము రాజ్యమేలిన దినములలో సైతము ఆయనయందు వారికి ద్వేషము పుట్టలేదు. తెలుగులో సత్యవేదము చదువుకొను మనకు, ఆ ప్రేమ విలువ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. మన పొరుగువాని భాషను, బాధను నేర్చుకొను కృపను ప్రభువు మన సంఘములకు దయచేయునుగాక.