నోరు ఒకరిది, గొంతు ఇంకొకరిది

పడోసన్‌లో సునీల్ దత్ కిటికీ దగ్గర నిలబడి నోరు కదుపుతుంటే, చాటుగా కిశోర్ కుమార్ పాడే సీను మీరు రీల్స్‌లో అయినా చూసే ఉంటారు. ఆ సినిమా 1968లో వచ్చింది. అదే కథని తెలుగులో 1953లోనే తీసేశారు, పేరు పక్కింటి అమ్మాయి. రెండింటికీ మూలం పాశేర్ బాడి అనే బెంగాలీ సినిమా కాబట్టి ఎవరు ఎవర్ని కాపీ కొట్టారనే గొడవ లేదు. నాకు ఆసక్తి కలిగింది తెలుగులో తీసినాయన మీద. ఆయన చిత్తజల్లు పుల్లయ్య గారు. పాత సినిమాలు చూసే అమ్మమ్మలు, తాతయ్యలు సి. పుల్లయ్య అంటే టక్కున గుర్తుపడతారు.

1898లో కాకినాడలో పుట్టారు. మద్రాసులో రఘుపతి ప్రకాశ్ గారి దగ్గర మూకీ సినిమాల పని నేర్చుకుని, తిరిగి సొంతూరు వచ్చి 1920లలో భక్త మార్కండేయ అనే మూకీ తీశారు. అప్పటికి కాకినాడలో స్టూడియో లేదు, ల్యాబ్ లేదు. ఆ సినిమా ఇప్పుడు చూద్దామన్నా దొరకదు. ఆయన సినిమాలు తీయడంతో ఆగలేదు, ఊళ్ళు తిరిగి ఆడించారు కూడా. ఈ రెండో పనే ఆయనకి అసలు ట్రెయినింగ్ అని నా అనుమానం. మూకీ అంటే సైలెన్స్ కాదు కదా. తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడు, హార్మోనియం వాయించేవాళ్ళు. జనం నవ్వితే కథ చెప్పేవాడు ఆగుతాడు, నవ్వు తగ్గాక అందుకుంటాడు. అంటే సౌండ్ మిక్సింగ్ రోజూ హాల్లోనే, లైవ్‌లో జరిగేది. ఎక్కడ ఎంతసేపు నవ్వుతారో రోజూ కళ్ళెదుట చూసినవాడికి పేసింగ్ గురించి వేరే ట్యుటోరియల్ అక్కర్లేదు.

తర్వాత టాకీలు వచ్చాయి. కలకత్తాలో ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి పుల్లయ్య గారు 1933లో సావిత్రి, 1934లో లవకుశ తీశారు. కాకినాడ నుంచి రైల్లో కలకత్తా వెళ్ళాలన్నా, మద్రాసు వెళ్ళాలన్నా మెయిన్ లైన్ అందుకోవాల్సింది మా సామర్లకోట జంక్షన్లోనే. కాబట్టి తెలుగు సినిమా తొలి రోజుల్లో ఎంతమంది ఈ ప్లాట్‌ఫారం మీద పెట్టెలు పెట్టుకుని కూర్చున్నారో!

అప్పట్లో ప్లేబ్యాక్ లేదు. నటించేవాళ్ళే పాడాలి, కెమెరా తిరుగుతుండగానే పాడాలి. వాయిద్యాల వాళ్ళు ఫ్రేములో పడకుండా ఎక్కడో ఓ చాటున సర్దుకోవాలి. ఒక్కరు దగ్గినా టేకు పోయినట్టే. ఇంకో చిక్కు కూడా ఉంది. 35 ఎంఎం ప్రింటు మీద సౌండ్ ట్రాక్, దానికి సంబంధించిన బొమ్మ పక్కనే ఉండదు, దాదాపు 20 ఫ్రేములు ముందుంటుంది. బొమ్మ దగ్గర కత్తెర పెడితే మాట ఇంకోచోట తెగుతుంది. మనకి ఆడియోనీ వీడియోనీ అన్‌లింక్ చెయ్యడం ఒక క్లిక్కు. వాళ్ళకి సౌండునీ బొమ్మనీ వేరువేరు ఫిల్ముల మీద పెట్టుకుంటేనే ఆ స్వేచ్ఛ. ఇన్ని కష్టాల మధ్య తీసిన లవకుశ కోసం పల్లెల నుంచి జనం బళ్ళు కట్టుకుని వచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇదంతా నేను వెతకడానికి కారణం, సామర్లకోట స్టేషన్ రోడ్డులో మేం తీసిన ఆరు నిమిషాల కామెడీ షార్ట్ ఫిల్మ్. ఎడిటింగ్ నా వంతు. సెకనుకి 24 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. ఒక పంచ్ తర్వాత ఫ్రెండు మొహం మీద షాట్ 30 ఫ్రేములు ఉంటే ఎవరూ నవ్వలేదు, 18కి తగ్గిస్తే నవ్వారు. తేడా అర సెకను. డైలాగుల మధ్య రైలు కూత పడ్డచోట దాన్ని తీసెయ్యకుండా తర్వాతి షాట్ లోకి కూడా పొడిగిస్తే కట్ కనపడకుండా పోయింది, పైగా ఆ కూతే ఒక జోకైంది. పాత సినిమాల్లో జోకు తర్వాత ఖాళీ ఎక్కువ అనిపిస్తుంది కదా, అది హాలు నవ్వు కోసం వదిలిన జాగా అనుకుంటా. మన సినిమా ఒక్కడే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తాడు. వాడికి ఆ జాగా సాగదీతగా ఉంటుంది.

మళ్ళీ పుల్లయ్య గారి దగ్గరికి. ఆయన పరిచయం చేసినవాళ్ళ లిస్టు పెద్దదే. 1939లో వరవిక్రయంతో భానుమతి గారు తెరమీదికి వచ్చారు. 1942లో జెమినీ వాళ్ళకి బాలనాగమ్మ తీశారు. 1947లో గొల్లభామలో మోహినిగా అంజలీదేవి గారికి పేరొచ్చింది. ఆవిడది పెద్దాపురం, అంటే మాకు పక్క ఊరే. ఇక రేలంగి గారు 1935లో శ్రీకృష్ణ తులాభారంతో ఆయన దగ్గరికి చేరి, చిన్న వేషాలు వేస్తూ, ప్రొడక్షన్ పనులు కూడా చూస్తూ ఏళ్ళకేళ్ళు ఎదురుచూశారు. గొల్లభామ, వింధ్యరాణి వచ్చాకే జనం ఆయన్ని గుర్తుపట్టారు.

ఆ రేలంగినే పుల్లయ్య గారు పక్కింటి అమ్మాయిలో హీరోని చేశారు. పక్కింట్లో అంజలీదేవి. ఆ అమ్మాయికి సంగీతమంటే ప్రాణం, ఇతనికి పాట రాదు. పాడే ఫ్రెండు చాటునుంచి పాడితే ఇతను కిటికీ దగ్గర నోరు కదుపుతాడు. ఫ్రెండుగా వేసింది ఎవరనుకున్నారు? ఏ.ఎం. రాజా! రెండేళ్ళ తర్వాత మిస్సమ్మలో ఎన్టీఆర్‌కి పాడిన గొంతు అదే. ఎప్పుడూ తెర వెనక ఉండే సింగర్ని తెరమీదికి తెచ్చి, మళ్ళీ కథలో తెర వెనక్కే పంపారన్నమాట. ఇంకో తమాషా ఏంటంటే, పాట రానివాడిగా వేసిన రేలంగి గారు నిజంగా పాడగలరు. పాతాళభైరవిలో తన పాట తనే పాడుకున్నారు.

ఇక్కడ ఎడిటింగ్ చాలా సున్నితం. సింక్ కొంచెం తప్పితే ప్రేక్షకుడు జోకు అనుకోడు, సినిమాలో లోపం అనుకుంటాడు. సింక్ పర్ఫెక్టుగా ఉండి ఫ్రెండుని చూపించకపోతే అది మామూలు పాటే. ఆ అమ్మాయి నమ్మాలి, హాలు నమ్మకూడదు. అందుకే ఎవరి మొహం ముందు, ఎవరిది తర్వాత అన్న వరుస మీదే నవ్వంతా ఆధారపడుతుంది. కెమెరా ముందే పాడించిన రోజులూ, ఒకరి నోటికి ఇంకొకరి గొంతు అతికించే రోజులూ రెండూ చూసిన మనిషికి ఈ కథ దొరకడం నాకు భలే అనిపించింది.

1960లో ఎన్టీఆర్‌తో దేవాంతకుడు తీశారు, యమలోకంలో కామెడీ. మార్కండేయ కాలం నుంచీ యముడు ఆయన్ని వదల్లేదు. అప్పటికే తన పాత లవకుశని మళ్ళీ, ఈసారి కలర్లో, మొదలుపెట్టారు. డబ్బుల్లేక మధ్యలో ఆగిపోయింది. పెద్దాయన పూర్తిచెయ్యలేకపోయారు. కొడుకు సి.ఎస్. రావు గారు అందుకుని పూర్తిచేస్తే 1963లో విడుదలైంది, తెలుగులో మొదటి పూర్తి నిడివి కలర్ సినిమాగా. 1934లో లవకుశుల వేషం వేసిన పిల్లలే పాడారు. 1963లో ఆ పిల్లలకి లీల, సుశీల గార్లు పాడారు. తండ్రీకొడుకుల పేర్లు రెండూ ఆ సినిమా మీద ఉంటాయి.

ఆగిపోయిన సినిమా కొడుకు చేతికిచ్చాక రిటైరైపోయారా అంటే అదీ లేదు. 1966లో పరమానందయ్య శిష్యుల కథ తీశారు, అదీ కామెడీనే. 1967లో పోయారు. ఆ మర్నాటి ఏడాదే పడోసన్ వచ్చింది. 1981లో తెలుగులో పక్కింటి అమ్మాయిని ఇంకోసారి తీశారు, చంద్రమోహన్, జయసుధలతో. అందులో చాటుగా పాడే ఫ్రెండు వేషం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిది.