సంతకం విలువ – సర్ అక్బర్ హైదరీ

వెండి రూపాయిని రాతిమీద మోగించి చూసి, అది మంచిదో చెడ్డదో తేల్చుకోవడం మన పూర్వుల అలవాటు. కాగితాన్ని అలా మోగించి చూడలేము. దానికి విలువ వచ్చేది అచ్చువేసిన ప్రభుత్వంపై ప్రజలకున్న నమ్మకం వల్లనే. ఆ నమ్మకాన్ని హైదరాబాదు సంస్థానంలో పదహారేళ్ళపాటు కాపాడిన ఆర్థికమంత్రి సర్ అక్బర్ హైదరీ.

పల్నాటి సీమకు ఈ కథతో సంబంధం ఉన్నది. ఆనాడు కృష్ణానదికి ఈవలి ఒడ్డున గుంటూరు జిల్లా ఆంగ్లేయుల పాలనలో ఉండేది. ఆవలి ఒడ్డున నల్లగొండ జిల్లా నిజాం ఏలుబడిలో ఉండేది. ఇరువైపులా మాట్లాడేది తెలుగే. అయినా నది దాటితే రూపాయి మారిపోయేది. ఆంగ్ల ప్రభుత్వపు రూపాయిని కల్దారు అనీ, నిజాం రూపాయిని హాలీ సిక్కా అనీ వ్యవహరించేవారు. ఇంచుమించు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం.

అక్బర్ హైదరీ 1869 నవంబరు 8న బొంబాయిలో జన్మించాడు. సెయింట్ జేవియర్ కళాశాలలో చదివి, 1888లో భారత ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగిగా చేరాడు. వివిధ నగరాలలో లెక్కల తనిఖీ పనిలో ఆరితేరిన ఆయనను 1905లో నిజాం ప్రభుత్వం అకౌంటెంట్ జనరల్‌గా రప్పించుకొన్నది. 1907లో ఆర్థికశాఖ కార్యదర్శి, 1911లో హోంశాఖ కార్యదర్శి అయినాడు. హైదర్ నవాజ్ జంగ్ అనే బిరుదు ఆ సంస్థానం ఇచ్చినదే. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తినప్పుడు ఆయన సతీమణి అమీనా హైదరీ చేసిన సేవ ప్రజల మన్ననలందుకొన్నది.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో వెండి దొరకడం దుర్లభమైంది. టంకశాలకు లోహం చాలలేదు. అప్పుడు, 1918లో, హైదరాబాదు ప్రభుత్వం కరెన్సీ చట్టాన్ని చేసి పది రూపాయల, నూరు రూపాయల నోట్లను వెలువరించింది. అప్పటి ఆర్థికమంత్రి గ్లాన్సీ. మరుసటి సంవత్సరం ఒక రూపాయి, ఐదు రూపాయల నోట్లు వచ్చాయి. వీటికి ఉస్మానియా సిక్కా అని పేరు. లండన్‌లోని వాటర్లో సంస్థ ఈ నోట్లను ముద్రించేది. వాటి మీద ఉర్దూ లిపి ప్రధానంగా కనిపిస్తుంది. సంవత్సరం ఫసలీ శకంలో ఉంటుంది. సంస్థాన ప్రజల భాషలైన తెలుగు, మరాఠీ, కన్నడములలోనూ, ఇంగ్లీషులోనూ విలువ వ్రాసి ఉంటుంది. ఉర్దూ రాని రైతు కూడా తన చేతిలోని నోటు ఎంతదో తన లిపిలో చదువుకోగలిగేవాడు.

హైదరీ 1921లో ఆర్థికమంత్రి పదవిని చేపట్టాడు. మరుసటి ఏడాదే ఒక విచిత్ర సంఘటన జరిగింది. 1922 మే 20న ఈజిప్ట్ అనే ఓడ బొంబాయికి వస్తూ, ఫ్రాన్సు తీరానికి సమీపంలో పొగమంచులో మరొక ఓడ ఢీకొనగా మునిగిపోయింది. ఎనభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. బంగారం, వెండితోపాటు హైదరాబాదుకు రావలసిన కొత్త నోట్లు కూడా సముద్రగర్భంలో కలిశాయి. 1930లో ఇటలీ దేశపు గజ ఈతగాళ్ళు ఆ ఓడ జాడ కనుగొన్నారు. తరువాత వారు వెలికితీసిన వస్తువులలో ఆ నోట్లూ ఉన్నాయి. అంతకాలం ఉప్పునీటిలో నానినా అచ్చు చెరిగిపోలేదు. కాని వాటి మీద ఆర్థికమంత్రి సంతకం లేదు. సంతకం లేని నోటు ధనం కాదు. ఆనాడు వాటితో గిద్దెడు బియ్యం కూడా వచ్చేవి కావు. నేడు మాత్రం నాణేలు, నోట్లు సేకరించేవారు వాటిని అపురూపంగా దాచుకొంటున్నారు.

సంతకానికి అంత బలం రావాలంటే ఖజానా గట్టిగా ఉండాలి. ఈ సత్యం హైదరీకి బాగా తెలుసు. ప్రతి శాఖకూ మూడేళ్ళ కాలానికి ఇంత అని ధనాన్ని ముందుగా కేటాయించి, ఆ పరిధిలోనే ఖర్చుపెట్టే పద్ధతిని ఆయన నెలకొల్పాడు. 1926లో వేయి రూపాయల నోటు వెలువడింది. ఆంగ్ల కంపెనీ చేతిలో ఉన్న రైలుమార్గాలను 1930లో సంస్థానం కొనివేసింది. 1928లో ఆయనకు సర్ బిరుదు లభించింది. లండన్ రౌండ్ టేబుల్ సమావేశాలలో హైదరాబాదు ప్రతినిధివర్గానికి నాయకత్వం వహించాడు.

ఆయన దృష్టి లెక్కలకే పరిమితం కాలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు మూలమైన విజ్ఞాపన ఆయనదే. అజంతా చిత్రాలు రాలిపోకుండా ఇటలీ నుండి నిపుణులను రప్పించడంలోనూ ఆయన ప్రోత్సాహం ఉన్నది. ఒకనాటి సత్తెనపల్లి తాలూకాలోని అమరావతి శిల్పాలు మద్రాసుకూ, లండన్‌కూ తరలిపోయిన సంగతి మనకు తెలుసు. అజంతా చిత్రాలు ఉన్నచోటనే నిలిచాయి. ఈ రెండింటినీ పోల్చి చూస్తే ఆ శ్రద్ధ ఎంత విలువైనదో అర్థమవుతుంది.

అయితే గొప్పవారి జీవితాన్ని తూచేటప్పుడు త్రాసు రెండు పళ్ళాలనూ చూడాలి. నోటు మీద చోటు దొరికిన తెలుగుకు విశ్వవిద్యాలయంలో బోధనభాషగా చోటు దొరకలేదు. ఆ స్థానం ఉర్దూకు దక్కింది. హైదరీ 1937లో ప్రధానమంత్రి అయినాడు. 1938లో స్టేట్ కాంగ్రెసుపై నిషేధం విధింపబడింది. అదే ఏడాది వందేమాతరం పాడిన ఉస్మానియా విద్యార్థులను చదువుల నుండి బహిష్కరించారు. నోటు విషయంలో ప్రజల నమ్మకమే పెట్టుబడి అని గ్రహించిన ప్రభుత్వం, పాలనలో మాత్రం ఆ ప్రజలను నమ్మలేకపోయింది.

హైదరీ 1941లో వైస్రాయి కార్యవర్గ సభ్యుడై ఢిల్లీకి వెళ్ళి, 1942 జనవరిలో అక్కడే కన్నుమూశాడు. ఉస్మానియా సిక్కా నిర్వహణ బాధ్యతతో హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఆ సంవత్సరమే ప్రారంభమైంది. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1951తో కొత్త నోట్ల జారీ ఆగిపోగా, 1959లో ఆ ద్రవ్యం పూర్తిగా రద్దయింది. కృష్ణకు ఇరువైపులా ఒకే రూపాయి చెల్లసాగింది.

ప్రభుత్వాలు మారితే నోట్లు చెల్లకుండా పోతాయి. పొదుపు, క్రమశిక్షణ, లెక్కలో నిజాయితీ ఏ కాలంలోనైనా చెల్లుతాయి. వాటికి ప్రజలపై నమ్మకం కూడా తోడైనప్పుడే పాలకుని సంతకానికి నిండు విలువ వస్తుందని హైదరీ జీవితం మనకు తెలియజేస్తున్నది.