శాఖలను కలిపిన సేవామూర్తి – ఫ్లారెన్సు నైటింగేల్

ఫ్లారెన్సు నైటింగేల్ అనగానే చేత దీపము ధరించి రోగుల మంచముల నడుమ సంచరించు స్త్రీమూర్తి స్ఫురించును. ఆ చిత్రము అసత్యము కాదు. కాని దీపముతో తిరిగిన రాత్రులకంటె కాగితముల ముందు కూర్చుండి గడపిన రాత్రులే ఆమె జీవితమున అధికము. ఒక శాఖ మాట వేరొక శాఖ చెవికి చేరని చోట వేలమంది ప్రాణములు పోవుచుండగా, ఆ శాఖలను ఒక్క పనికి కూర్చుటయే ఆమె చేసిన గొప్ప సేవ.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున సంపన్నులగు ఆంగ్ల దంపతులకు జన్మించెను. ఊరి పేరే బిడ్డకు పెట్టిరి. తండ్రి స్వయముగా గ్రీకు, లాటిను భాషలు నేర్పెను. లెక్కలయందు ఆమెకు మిక్కిలి మక్కువ. రోగులకు పరిచర్య చేయుట ఆ దినములలో గౌరవకుటుంబముల స్త్రీలకు తగనిదిగా నెంచబడుటచే తల్లియు, అక్కయు చిరకాలము అడ్డుపడిరి. అయినను 1851లో జర్మనీలోని కైజర్‌వెర్తున శిక్షణ పొంది, 1853లో లండనునందలి ఒక చిన్న వైద్యాలయమునకు అధికారిణి యయ్యెను.

మరుసటి సంవత్సరము రష్యాతో క్రిమియా యుద్ధము సాగుచుండగా, బ్రిటిషు క్షతగాత్రులను నల్లసముద్రము దాటించి కాన్‌స్టాంటినోపిలుకు ఎదుటి ఒడ్డుననున్న స్కుటారి ఆసుపత్రికి చేర్చుచుండిరి. అచటి దుఃస్థితి పత్రికలకెక్కెను. మంత్రి సిడ్నీ హెర్బర్టు కోరికపై ఆమె 38 మంది పరిచారికలతో 1854 నవంబరు 4న అచటికి చేరెను.

అచట కనబడినది కేవలము పేదరికము కాదు. రోగిని చూచువాడు వైద్యుడు. చొక్కా, పథ్యము ఇచ్చునది సరఫరా శాఖ. మాంసము, రొట్టె, వంటచెరకు తెచ్చునది మరియొక శాఖ. గోడ కూలిన బాగుచేయవలసినది ఇంజనీర్లు. వైద్యుడు పథ్యము వ్రాయగలడేగాని తెప్పింపలేడు. సైనికుడు తన చొక్కాను, గిన్నెను మూటలో తెచ్చుకొనవలెనని నిబంధన. యుద్ధభూమిలో దిగునపుడు ఆ మూటలను విడిచిపెట్టుడని పైవారే ఆజ్ఞాపించియుండిరి. అయినను మూట లేనివానికి చొక్కా ఇయ్య నిబంధన యొప్పుకొనదని సరఫరా అధికారి నిరాకరించెను! క్రిమియాలో 1854 డిసెంబరు 10న 20,000 పౌన్ల నిమ్మరసము దిగినది. రక్తపిత్తవ్యాధితో సైనికులు పండ్లూడి బాధపడుచున్నను, దినబత్తెపు పట్టికలో నిమ్మరసము పేరు లేనందున ఫిబ్రవరి వరకు ఎవరును దానిని పంచలేదు. ఒక బల్లనుండి వేరొక బల్లకు ఫైలు చేరుటకు మాసములు పట్టుట నెరిగినవారికి ఇది వింతగా తోచదు. ఇందు దుర్మార్గులెవ్వరును లేరు. ప్రతివాడును తన నిబంధనను పాటించినవాడే.

ఆమె ఏమి చేసెనో పాఠకులు గమనింపవలెను. వైద్యులు తొలుత ఆమె పరిచారికలను గదులలోనికి రానీయలేదు. ఆమె వాదింపలేదు, వారిచే బట్టలు కుట్టించుచు పిలుపు వచ్చువరకు వేచియుండెను. ఇంకెర్మాను యుద్ధములో గాయపడినవారు రాసాగిన పిదపనే పిలుపు వచ్చెను. తన చేతనున్న ధనముతోను, టైమ్సు పత్రిక నిధితోను చొక్కాలు, గిన్నెలు, సబ్బు కొనియుంచెను. కాని వైద్యుని సంతకముతో కోరికపత్రము లేనిదే ఒక్క వస్తువైనను ఇచ్చెడిది కాదు. అధికారము వైద్యునిదే, వస్తువు మాత్రము ఆమెది. శిథిలమైన గదులు బాగుచేయింపనిదే కొత్త రోగులకు చోటు లేకుండగా, ఏ శాఖయు బాధ్యత వహింపకపోవుటచే రమారమి 200 మంది పనివారిని తానే పెట్టి బాగుచేయించెను. ఆ వ్యయమును ప్రభుత్వము పిదప చెల్లించెను. ఒక ఇల్లు అద్దెకు తీసికొని, కాగులు పెట్టించి, సైనికుల భార్యలచే ఉతికించెను.

ఇంత చేసినను ఆ శీతకాలమున మరణములు తగ్గలేదు, సరికదా పెరిగెను. 1855 ఫిబ్రవరిలో చేరిన నూర్గురిలో 42 మంది మరణించిరి. ఆసుపత్రి క్రింద మురుగుకాలువలు నిండిపోయి కుళ్ళుచుండెను. అవి వైద్యుని పని కావు, సరఫరావాని పని కావు. మార్చిలో డాక్టరు సదర్లండు, ఇంజనీరు రాలిన్సను మున్నగువారితో ఒక పారిశుద్ధ్య సంఘము వచ్చెను. సలహా వ్రాసి పోవుట కాక, పని జరిపించి చూచు అధికారము వారికీయబడెను. మొదటి పక్షములోనే 556 తోపుడుబండ్ల, గంపల చెత్త తీసివేసిరి, కాలువలు కడిగిరి, గోడలకు సున్నము వేసిరి. వైద్యుడును ఇంజనీరును ఒక్క సంఘమున కూర్చుండిన ఫలితము, జూనునాటికి మరణములు నూటికి రెండుగా దిగినవి.

1856లో స్వదేశము చేరి, గణాంకవేత్త విలియం ఫారుతో కలిసి ఆ లెక్కలను పరిశీలించెను. గాయములకంటె వ్యాధులవలన మరణించినవారే బహుళమని తేలెను. నెలనెలకు రంగులు వేసిన వలయచిత్రమును 1858లో అచ్చువేయించెను. సేనాధిపతి, వైద్యుడు, మంత్రి ముగ్గురును ఒక్క చూపులో ఒక్క సత్యమునే గ్రహించుటకు అది సాధనమయ్యెను. తరువాత హెర్బర్టు యుద్ధశాఖనే సంస్కరింప పూనుకొనెను గాని, 1861లో ఆ పని తెగకయే మరణించెను. వ్యాధిగ్రస్తుడైన ఆయనను ఆమె విశ్రమింపనీయలేదను నింద కలదు. అది నిరాధారము కాదు. తన దేహమునెడ కూడ ఆమెకు దయ లేదు. రోగియై పెక్కేండ్లు గది విడువకయే ఉత్తరములు వ్రాయుచుండెను.

భారతదేశమునకు ఆమె ఎన్నడును రాలేదు. అయినను ఇచటి సైనికస్థావరములన్నిటికి ప్రశ్నావళులు పంపి వివరములు తెప్పించెను. బ్రిటిషు సైనికులలో ఏటేట వేయికి 69 మంది మరణించుచున్నారని 1863నాటి నివేదిక వెల్లడించెను. చుట్టుప్రక్కల బజారులు, గ్రామములు మురికిగానుండగా సైనికుడు ఆరోగ్యముగ నుండనేరడని గ్రహించి, ఆమె దృష్టి క్రమముగా రైతువైపును, నీటివైపును మరలెను. గోదావరి ఆనకట్ట నిర్మాత ఆర్థరు కాటనుతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, కాలువలకై వాదించెను. ఆరోగ్యము ఒక శాఖ, సేద్యము వేరొక శాఖ అను విభజన ఆమెకు పట్టలేదు.

1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను బిరుదు పొందిన తొలి స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13న దివంగతురాలయ్యెను. వెస్ట్‌మినిస్టరు ఆబీలో సమాధి చేయుదుమనగా బంధువులు అంగీకరింపలేదు. ఈస్టు వెల్లో గ్రామమున ఆమె సమాధిపై పేరు లేదు. రెండు పొడియక్షరములు, జనన మరణముల తేదీలు మాత్రమే కలవు.